ఎండల్లో కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ పెట్టిస్తే లాభమేనా?

మా బావ డీజిల్ పికప్‌కి కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్, అంటే ఇంజన్‌కి చల్లటి గాలి అందిస్తుందని అమ్మే పైపు, ఫిల్టర్ కిట్, పెట్టిద్దామని సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లాం. షాపతను చూపించిన కిట్‌లో ఫిల్టర్‌కి డబ్బా లేదు, ఇంజన్ పక్కనే తెరిచి ఉంటుంది, అంటే మే ఎండలో ప్యాట్నీ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అది లాగేది బానెట్ కింద ఉడికిపోయిన గాలినే! బండితో వచ్చిన ఎయిర్ బాక్స్ మాత్రం బయటి గాలి తీసుకుంటుంది. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి దాదాపు 6 శాతం పలచగా ఉంటుంది, అంటే ఇంజన్‌కి ఆక్సిజన్ అంత తక్కువ అందుతుంది, ఆ తేడాని ఏ పైపూ వెనక్కి తేలేదు, పైగా టర్బో (గాలిని ఒత్తి ఇంజన్‌లోకి పంపేది) ఉన్న బండిలో గాలిని చల్లబరిచే పని ఇంటర్‌కూలర్‌ది, ముందు దాని రెక్కల్లో మట్టి పేరుకుందేమో చూడాలి.

పాత ఫిల్టర్ తీసి తడితే సన్న ఇసుక జలజలా రాలింది, మడతలన్నీ నల్లగా ఉన్నాయి. మన సర్వీస్ రోడ్ల దుమ్ముకి పేపర్ ఫిల్టరే నమ్మకం. నూనె పూసే రకంలో నూనె ఎక్కువైతే, లోపలికి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్‌కి అంటుకుంటుంది, అదో టెన్షన్.

కొత్త పేపర్ ఫిల్టర్ కొని వచ్చేశాం. ఆ కిట్‌తో పెరిగే ఇంజన్ శబ్దం ఇష్టమైతే అది వేరే సంగతి, ఎండలో సరుకు మోసే బండికి మాత్రం ఆ డబ్బు నేను పెట్టనివ్వను.