రెండు పేజీల కూలి పుస్తకం

ఆసిఫాబాద్ వైపు నుంచి మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లాలోని రాజురాకు వచ్చిన తెలుగువారికి పరాయి రాష్ట్రంలో అడుగుపెట్టామన్న భావన వెంటనే కలగదు. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు ఈ ప్రాంతం ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. సంతలో ఇప్పటికీ మరాఠీ, తెలుగు కలిసే వినిపిస్తాయి. పత్తి నుంచి గింజలు వేరుచేసే ఇక్కడి ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తాగా చేరి నాకు తొమ్మిదేళ్లయింది. వారం వారం కూలి పుస్తకం రాసేది నేనే. అందులో మగవారి పేజీ మీద 'ఆపరేటర్' అని, ఆడవారి పేజీ మీద 'హెల్పర్' అని ఉంటుంది. రోజు కూలిలో తేడా 100 రూపాయలు.

జిన్ల వరుసలో పత్తి వేయడం, చిక్కుకున్న గింజలు తీయడం, రోలరును కనిపెట్టుకుని ఉండడం ఇద్దరూ చేసే పనే. సిర్పూరు దగ్గరి పల్లె నుంచి భర్తతో కలిసి వచ్చే ఒక అక్క, యంత్రం దగ్గర రాలిన దూదిని గుప్పెడు తీసుకుని, వేళ్ల మధ్య విడదీసి, వెలుతురుకు ఎత్తి చూసేది. దూదిలో పగిలిన గింజల ముక్కలు కనబడితే కత్తి సరిగా కూర్చోలేదని, దూది రావడం మందగిస్తే తోలు రోలరు మీది గాడులు అరిగాయని ఆమె చెప్పేది. మేస్త్రీ వచ్చి విప్పి చూస్తే ఆమె మాటే నిజమయ్యేది. అయినా ఆమె ఏడు సీజన్లూ హెల్పరుగానే ఉండిపోయింది. ఒక శనివారం కూలి తీసుకుంటూ, "ఆ పేజీల నా పేరు రాయరాదా అన్నా?" అని అడిగింది. నేను యజమానిని అడిగాను, ఆనవాయితీ మార్చలేమన్నారు.

ఒకే పనికి, ఒకే స్వభావం గల పనికి స్త్రీ పురుషులకు సమాన వేతనం ఇవ్వాలని 1976 నాటి చట్టమే చెప్పింది. పని పేరు మార్చి రాయడంతో ఆ చట్టం మా గేటు బయటే ఆగిపోయింది. రక్షణ కోసం చేసిన నిబంధనలు కూడా ఒక్కొక్కసారి అవకాశాన్ని తగ్గించాయి: 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్త్రీల పనివేళలను ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకే పరిమితం చేసింది కనుక, సీజన్ ముమ్మరంగా ఉన్నప్పుడు రాత్రి షిఫ్టు కూలీ, ఓవర్‌టైమూ మగవారికే దక్కేవి. రాత్రిపూట భద్రంగా ఇంటికి చేర్చే ఏర్పాటు చేయడం కంటే ఆడవారిని రానివ్వకపోవడమే అందరికీ సులువనిపించింది.

దీనిని ఆడవారి కష్టంగా మాత్రమే చూడటం నాకు సరైనదనిపించదు. మా మిల్లులో 20 మంది స్త్రీలు నవంబరు నుంచి మార్చి దాకా 150 రోజులు పనిచేస్తే, రోజుకు 100 రూపాయల చొప్పున 3 లక్షల రూపాయలు వారి చేతికి రాకుండా పోతాయి. ఆ డబ్బు వారికి అందితే బియ్యానికి, నూనెకు, పిల్లల ఫీజులకు, చీటీలకు ఈ ఊళ్లోనే చాలావరకు ఖర్చవుతుంది. ఇక్కడి కిరాణా కొట్టువాడూ, దర్జీ, ఆటో నడిపేవాడూ దానిలో భాగం పొందుతారు. ఒక్క మిల్లు లెక్క ఇది. పైగా ఏడేళ్ల అనుభవం ఉన్న మనిషికి యంత్రం అప్పగించకపోవడం వల్ల మిల్లు పోగొట్టుకునే దూది ఏ పుస్తకంలోనూ కనిపించదు.

గత సీజన్‌కు ఆ అక్క రాలేదు. గది అద్దె, ప్రయాణ ఖర్చులు, ఇంటి దగ్గర పిల్లలను చూసుకోవడం అన్నీ లెక్కవేసుకుంటే, ఇద్దరిలో తక్కువ కూలి వచ్చేది ఆమెకే కనుక ఆమే ఆగిపోయిందని భర్త చెప్పాడు. అత్తవారి చేనులో పత్తి ఏరుతోందట. దానికి కూలి లేదు. 15 ఏళ్లు దాటిన స్త్రీలలో శ్రామిక భాగస్వామ్యం 2017-18లో 23.3 శాతం నుంచి 2023-24 నాటికి 41.7 శాతానికి పెరిగిందని కేంద్ర ప్రభుత్వ సర్వే చెబుతోంది. ఆ పెరుగుదలలో పెద్ద భాగం సొంత పనుల్లో, జీతం లేని కుటుంబ సహాయకులుగా చేరిన గ్రామీణ స్త్రీలదే. మిల్లు వదిలి చేనుకు పోయినా, ఆ లెక్క ప్రకారం ఆమె ఇంకా పనిలో ఉన్నట్టే.