బయటి కాల్స్ వినమని అడిగే ముందు

ఆఫీసు ఫోన్ వ్యవస్థను చూసుకోవడం నా ఉద్యోగం. "ఫలానా ఎక్స్‌టెన్షన్ నుంచి బయటికి వెళ్లే కాల్స్ వినే ఏర్పాటు చేయగలరా?" అని ఏ మేనేజరైనా వస్తే, మీకు తేలాల్సిందేమిటని ముందు అడుగుతాను. బిల్లు పెరిగిందా, కస్టమర్ ఫిర్యాదు చేశారా, లేక ఆ మనిషి మీదే అనుమానమా? బిల్లు సంగతే అయితే ఎవరి మాటా వినాల్సిన పనిలేదు.

ప్రతి కాల్‌కూ సర్వర్ తనంతట తానే ఒక వరుస రాసుకుంటుంది. మేము వాడే ఆస్టరిస్క్ అనే ఫోన్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ఏ ఎక్స్‌టెన్షన్ నుంచి, ఏ నంబరుకు, ఎప్పుడు చేశారో, అవతల ఎత్తారో లేదో అన్నీ ఉంటాయి. సెకన్లకు మాత్రం రెండు గడులు. కాల్ మొదలైనప్పటి నుంచి పెట్టేసేదాకా పట్టిన సమయం ఒకదానిలో, అవతల ఎత్తిన తర్వాత నడిచిన సమయం రెండోదానిలో. ఈ తేడా చూసుకోకుండా మొదటి గడిని కూడేసి, "రోజంతా ఫోన్లోనే ఉంటున్నాడు" అని తేల్చేసిన నివేదికలు నా దగ్గరికి వచ్చాయి. విప్పి చూస్తే అందులో చాలా భాగం ఎవరూ ఎత్తని రింగే. కూడికలో పొరపాటుకు ఒక మనిషి పేరు చెడిపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

అలాగని ఈ జాబితాను ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వలేం. రక్తపరీక్షల కేంద్రానికి ఒక కాల్, మర్నాడు క్యాన్సర్ ఆసుపత్రికి, ఆ వెంటనే ఇంటికి. ఈ మూడు వరుసలు చదివినవాళ్లకు ఇక వినడానికి ఏం మిగిలింది? బ్రిటన్‌లో ఒక కళాశాల ఉద్యోగిని వేసిన కేసులో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2007లో ఇదే తేల్చింది. ముందుగా చెప్పకుండా ఆమె కాల్ నంబర్లు, సమయాలు సేకరించడం కూడా వ్యక్తిగత జీవితంలో జోక్యమేనంది.

కస్టమర్ల కాల్స్‌ను శిక్షణ కోసం వినడంలో తప్పులేదు, ఇద్దరికీ ముందే తెలిస్తే. అవతల ఉన్నవాళ్లు మన కంపెనీ నిబంధనల మీద సంతకం పెట్టలేదు కదా! సొంత కాల్ అని తెలిసిన క్షణమే వినడం ఆపేయాలి. అమెరికాలో ఒక అప్పీలు కోర్టు 1983లోనే ఈ గీత గీసింది. కార్డు వివరాలు చెప్పేటప్పుడు రికార్డింగ్ ఆగాలి, ఎందుకంటే వెనక ఉండే మూడంకెల కోడ్‌ను చెల్లింపు అయ్యాక దాచుకోకూడదని కార్డు కంపెనీల భద్రతా ప్రమాణమే చెబుతోంది.

మామూలు నాణ్యతలో ఒక నిమిషం మాటకు అర మెగాబైటు కూడా పట్టదు. అందుకే పాతవి చెరిపేద్దామని ఎవరికీ తోచదు, ఏళ్ల నాటి మాటలు సర్వర్‌లో పడి ఉంటాయి. ఇది నాకు అన్నిటికన్నా భయం. రికార్డింగ్ మొదలుపెట్టిన రోజే అది చెరిగిపోయే తేదీ కూడా పెట్టేస్తాను. ఎవరి ఎక్స్‌టెన్షన్, ఏ కారణం, ఎప్పటిదాకా, ఎవరు వింటారు అన్నది కాగితం మీద రాసివ్వమంటాను. విన్న ప్రతిసారీ విన్నవాళ్ల పేరు కూడా నమోదు చేస్తాను. ఇంటికో డాక్టరుకో మాట్లాడుకోవడానికి రికార్డు కాని ఎక్స్‌టెన్షన్ ఒకటి అందరికీ అందుబాటులో ఉంచాను. దాని లెక్కల్లో మేనేజర్లకు నెల ఖర్చు మాత్రమే కనిపిస్తుంది, నంబర్లు కనిపించవు.