ఒక్క లాడ్జి అద్దెకు రెండు మారథాన్లు

హైదరాబాద్ మారథాన్‌కు రుసుము కట్టి, గౌతమీ ఎక్స్‌ప్రెస్‌లో రానూపోనూ టికెట్లు తీసి, లక్డీకాపూల్‌లో శుక్ర, శనివారాల రాత్రులకు గది మాట్లాడుకున్నాక మా లెక్కల మాస్టారు ఖర్చంతా ఒక కాగితం మీద కూడి చూసుకున్నారు. ఆదివారం ఒక్క పూట పరుగు కోసం ఇంత డబ్బు పోయడం తనకు సుతరామూ నచ్చలేదని, శనివారం ఎలాగూ ఊరికే కూర్చుంటాం కాబట్టి ఆ రోజు మనంతట మనమే మరో మారథాన్ పరిగెత్తేస్తే పరుగు ఒక్కింటికి పడే ఖర్చు సగమవుతుందని తేల్చారు. ఇందులో తప్పు పట్టడానికి మాకు లెక్కలు చాలవు. బ్యాంకులో పనిచేసే మిత్రుడైతే ఎగిరి గంతేశాడు. దక్షిణాఫ్రికాలో డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల మధ్య దాదాపు 90 కిలోమీటర్లు సాగే కామ్రేడ్స్ పరుగు మీద అతని మనసు ఏనాడో పడింది. అలాంటి దూరాలకు సాధన చేసేవారు వరసగా రెండు రోజులు పెద్ద పరుగులు పెట్టుకుని, అలసిన కాళ్లతోనే మళ్లీ దారి పట్టడం అలవాటు చేసుకుంటారు. మందుల దుకాణం నడిపే తమ్ముడు మాత్రం, "మీ ఇష్టం మాస్టారూ, నేను ఓఆర్‌ఎస్ పొట్లాలు ఎక్కువ తెస్తాను, ఆయ్" అని ఊరుకున్నాడు.

రాజమండ్రిలో మా పరుగంతా గోదావరి గట్టు మీదే సాగుతుంది. కోటిలింగాల రేవు దగ్గర మొదలుపెడితే ధవళేశ్వరం ఆనకట్ట దాకా నేల ఎక్కడా పైకి లేవదు. ఎక్కుడు కావాలనుకుంటే కొవ్వూరు వైపు వెళ్లే రోడ్డు కం రైలు వంతెన మొదట్లో ఉన్న ఏటవాలు ఒక్కటే దిక్కు. 1974లో ఆ వంతెన కట్టి ఉండకపోతే మాకు ఆ మాత్రం సాధనా దక్కేది కాదు. హైదరాబాద్ అలా కాదు. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు మీద కూర్చున్న ఊరు అది. హుస్సేన్ సాగర్ నిండు నీటిమట్టమే సముద్రమట్టానికి 513 మీటర్ల ఎత్తున ఉంటుంది; పరుగు దారికి అది పల్లం. మారథాన్ ఆ పల్లంలో మొదలై, బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ మీదుగా గచ్చిబౌలి చేరుతుంది. ఇంతకుముందు పరిగెత్తినవాళ్లంతా ఫ్లైఓవర్లు ఎక్కడం ఎంత కష్టమో వర్ణించి వర్ణించి చెప్పారు. దిగడం గురించి ఎవరూ నోరు విప్పలేదు.

శుక్రవారమంతా హైటెక్స్ ప్రదర్శనశాలలో బిబ్‌లు, అంటే చొక్కాకు తగిలించుకునే నంబరు కాగితాలు, తీసుకోవడానికే సరిపోయింది. శనివారం తెల్లవారకముందే హుస్సేన్ సాగర్ ఒడ్డున ఉన్న పీపుల్స్ ప్లాజా నుంచి బయలుదేరి, నెక్లెస్ రోడ్డు, ఎన్టీఆర్ మార్గ్ వెంట అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాము. ఒకే రోడ్డు మీద అన్ని గంటలు తిరిగితే కనిపించేవి కూడా అవే. 1990లో తెప్ప మీద తరలిస్తుండగా నీటిలో పడిపోయి, 1992లో గాని పైకి రాని బుద్ధుడు ఒక పక్క. 2023 ఏప్రిల్‌లో ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్ మరో పక్క. తిరిగిన ప్రతిసారీ ఇద్దరి ముందు నుంచీ తలవంచుకుని పోవలసి వచ్చింది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా సాగర్ వాసన గొంతు దాకా వచ్చేది. నేల మాత్రం దాదాపు మా గట్టులాగే సమంగా ఉండడంతో పేస్ చెడలేదు, మాటలు కూడా సాగాయి. గడియారం 42 చూపించగానే నేను ఆగిపోబోతే మాస్టారు ఒప్పుకోలేదు. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లని, 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన ఆ దూరాన్నే 1921లో అందరికీ ఖాయం చేశారని, ఆ 195 మీటర్లు ఎగ్గొడితే లెక్క కుదరదని మా ముగ్గురినీ ఇడ్లీ బండి ముందు నుంచి మళ్లీ తరిమారు.

ఆ పూట పరుగు గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు. అసలు సంగతి మా లాడ్జి మెట్ల దగ్గర మొదలైంది.

గది మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు తలుపుకు "మరమ్మతులో ఉన్నది" అని రాసిన అట్ట వేలాడుతోంది; ఆ అట్ట మీద పేరుకున్న దుమ్ము చూస్తే మరమ్మతు చాలాకాలంగా జరుగుతున్నట్టుంది. అద్దె మాత్రం లిఫ్టు ఉన్న లాడ్జిదే. ఎక్కడానికి పెద్ద బాధ పడలేదు. స్నానాలు చేసి, కాసేపు నడుం వాల్చి, భోజనానికి దిగబోయినప్పుడు మొదటి మెట్టు మీదే నా కుడి మోకాలు కింద ఎవరో కొట్టినట్టు వంగిపోయింది. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం పొట్టిగా ముడుచుకుంటూ బలం చూపుతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. కండర పోగులు చిట్లేది ఆ రెండో పనిలోనే ఎక్కువ. ఆ నొప్పి కూడా వెంటనే పూర్తిగా తెలియదు, ఒకటి రెండు రోజుల మీద ముదురుతుంది. అంటే మాకు అప్పుడు కనిపిస్తున్నది ఇంకా వాకిలి మాత్రమే.

మందుల తమ్ముడు ముందుగా ఉపాయం కనిపెట్టాడు. వెనక్కి తిరిగి, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, కాలి వేళ్లతో కింది మెట్టును తడుముకుంటూ దిగితే ఆ కండరానికి పని తగ్గుతుంది. నలుగురమూ ఒకరి వెనక ఒకరు, ముఖాలు గోడవైపు పెట్టి, అలా వెనక్కి దిగుతుంటే, టీ ఫ్లాస్కు పట్టుకుని పైకి వస్తున్న కుర్రాడు మధ్య మలుపులో నిలబడిపోయాడు. మాస్టారు వాడివైపు చూడకుండానే, "దారి ఇవ్వు నాన్నా, వెనక్కి వస్తున్నాం" అన్నారు. వాడు గోడకు అతుక్కుని దారి ఇచ్చాడు. సాయంత్రం మేము మళ్లీ దిగేసరికి కింద కౌంటరు దగ్గర మరో ఇద్దరు చేరి ఉన్నారు. వాడే పిలుచుకొచ్చి ఉంటాడు.

భోజనం మరో తగవు. హైదరాబాద్ వచ్చి బిర్యానీ తినకుండా పోవడమేమిటని బ్యాంకు మిత్రుడి బాధ. మరునాటి పరుగుకు ముందు నూనె, మసాలా పొట్టలో వేసుకుంటే దారిలో ఎక్కడ ఆగవలసి వస్తుందోనని తమ్ముడి భయం. కాళ్లలో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం శనివారం పరుగులోనే దాదాపు అయిపోతుంది. అది తిరిగి నిండడానికి బాగా తిన్నా ఒక రోజు చాలదు, మాకు ఉన్నది ఒక రాత్రి. అందుకని నలుగురమూ అన్నం, పప్పు, పెరుగు తప్ప మరేదీ ముట్టకూడదని తీర్మానించుకున్నాము. వడ్డించే ఆయన మారు అన్నం అడిగినప్పుడల్లా నొచ్చుకోకుండా తెచ్చాడు గాని, అదనపు పెరుగు కప్పుకు 40 రూపాయలు బిల్లులో వేశారు. ఆ కప్పు నా బొటనవేలంత లోతు కూడా లేదు. గోదావరి జిల్లాలో భోజనానికి పిలిచి పెరుగుకు లెక్క కట్టినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టిందని చెప్పలేను. పక్క మీద ఎటు తిరిగినా తొడలు అడ్డం వచ్చేవి. తమ్ముడు తెచ్చిన ఓఆర్‌ఎస్ పొట్లాలు ఒక్కోటి లీటరు నీళ్లలో కలిపి, కొంచెం కొంచెంగా తాగుతూ కూర్చున్నాము. ఉప్పు లేకుండా వట్టి నీళ్లే కడుపు నిండా పోసుకుంటే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చని అతను మమ్మల్ని ఎప్పుడూ బెదిరిస్తాడు. ఓఆర్‌ఎస్ పేరుతో డబ్బాలలో అమ్మిన తీపి పానీయాలంటే అతనికి పడదు; హైదరాబాద్‌లోని ఒక పిల్లల వైద్యురాలు ఏళ్లతరబడి పోరాడిన మీదట, అసలు సూత్రం ప్రకారం లేని పానీయాల మీద ఆ మాట వేయకూడదని 2025 అక్టోబరులో ఆదేశాలు వచ్చినప్పుడు తన దుకాణంలో మిఠాయి పంచాడు.

ఆదివారం పీపుల్స్ ప్లాజా దగ్గర వేలమంది మధ్య నిలబడితే ఒళ్లు నొప్పులు కాసేపు గుర్తు రాలేదు. ఖైరతాబాద్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, చవితికి ముస్తాబవుతున్న గణపయ్య కర్రల మధ్య నుంచి తొండం మాత్రం చూపిస్తూ నిలబడి ఉన్నాడు. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైన వేడుక అదని ఎవరో పరిగెత్తుతూనే చెబుతున్నారు. ఎక్కడం హాయిగానే ఉంది. నా చుట్టూ ఉన్నవాళ్లు రొప్పుతూ నడకలోకి దిగితే నేను చిన్న అడుగులతో వాళ్లను దాటేశాను. శిఖరం దాటి దిగుడు మొదలవగానే వాళ్లంతా చేతులు వదిలేసి నన్ను దాటి పోయారు. పంజాగుట్ట ఫ్లైఓవర్ మీదా ఇదే వరస. ఎక్కుడులో నేను ముందు, దిగుడులో నేను వెనక. ఒక పసుపు టోపీ ఆయనా నేనూ ఇలా కేబీఆర్ పార్కు దాకా ఒకరినొకరు దాటుకుంటూనే పోయాము. కామ్రేడ్స్ పరుగులో ఒక ఏడు ఎగువకు, మరో ఏడు దిగువకు పరిగెత్తిస్తారనీ, దిగువ పరుగే కాళ్లను ఎక్కువ నలగ్గొడుతుందనీ బ్యాంకు మిత్రుడు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దాటి రోడ్డు నంబరు 45 మీదుగా దుర్గం చెరువు వైపు వాలు పట్టేసరికి నమ్మాను.

ఆ వాలులో పరుగు అసాధ్యమై, రోడ్డు అంచుకు చేరి పక్కవాటుగా, పీతలా దిగుతున్నాను. అక్కడ రోడ్డు ఊడుస్తున్న పెద్దావిడ చీపురు ఆపి నన్ను ఆపాదమస్తకం చూసింది.

"గిట్ల ఉరికితె పైసలిస్తరా బిడ్డా?"

"లేదమ్మా, మేమే కట్టాం."

"పైసలు కట్టి ఉరుకుతున్నరా!" ఆవిడ చీపురును చంకలో పెట్టుకుని, నేను వచ్చిన దారికేసి చూసింది. "మరి ఎవ్వరన్న ఎంబడి వడ్డరా?"

నా వెనక అప్పుడే వచ్చిన మాస్టారు, పరుగు ఒక్కింటికి ఖర్చు సగమైన సంగతి ఆవిడకు వివరించబోయారు. ఆవిడ ఓపిగ్గా విని, "అయితె ఇంకొకటి ఉరుకుండ్రి, ఇంకా తక్కువైతది" అంది. వృత్తిలో ముప్పై ఏళ్లు గడిపిన మాస్టారుకు లెక్కలో అంత సూటిగా సమాధానం ఎవరూ చెప్పి ఉండరు. కేబుల్ బ్రిడ్జి దాటేదాకా ఆయన మాట్లాడలేదు. 2020లో తెరిచిన ఆ వంతెన మీద జనమంతా ఆగి ఫొటోలు తీసుకుంటున్నారు. మాకు మాత్రం అది చదునుగా ఉండడమే అందం.

బయోడైవర్సిటీ కూడలి, ఆ తరువాత సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణ. చెట్లు, రాళ్లగుట్టలు, నీడ ఉన్నమాట నిజమే గాని రోడ్డు ఒక్క చోట నిలకడగా ఉండదు. అప్పటికి ఎక్కుడు కనబడితే ప్రాణం లేచి వచ్చేది, దిగుడు కనబడితే నడకలోకి మారేవాణ్ణి. ఇంత తలకిందుల పరుగు ఇక మీదట చేస్తానో లేదో తెలియదు. గచ్చిబౌలి స్టేడియం ద్వారం మీద బాలయోగి గారి పేరు చూసినప్పుడు మాత్రం మనసు కుదుటపడింది. మా కోనసీమ నుంచి వెళ్లి లోక్‌సభ స్పీకరు పీఠం ఎక్కి, 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన మనిషి ఆయన. అదే ఏడాది జాతీయ క్రీడలు జరిగిన స్టేడియం అది. ఇంత దూరం వచ్చాక మన వైపు పేరు కనబడితే సొంత వీధిలోకి వచ్చినట్టుంటుంది. పతకం మెడలో పడ్డాక పచ్చిక మీద కూలబడి, మళ్లీ లేవడానికి ఒకరి భుజం ఒకరు పట్టుకున్నాము.

స్టేడియం నుంచి లింగంపల్లి స్టేషనుకు ఆటో అడిగితే అతను మా పతకాలు, మా నడక చూసి 350 అన్నాడు. నడవలేనివాళ్లతో బేరమాడడం ఎంత తేలికో అతనికి తెలుసు. ఎంత బతిమాలినా 20 రూపాయలే తగ్గించాడు.

రాత్రి గౌతమిలో మాకు పడినవి రెండు పై బెర్తులు, ఒక మధ్య బెర్తు, ఒక కింది బెర్తు. కింది బెర్తు వయసును బట్టి మాస్టారుకే దక్కవలసింది గాని, ఆయన ఎక్కడం తనకు సులువేనని పట్టుబట్టి పైకి వెళ్లారు. నిజంగానే మా అందరికంటే చకచకా ఎక్కారు. నిడదవోలు దాటాక నాకు మెలకువ వచ్చి చూస్తే, పై బెర్తు అంచు నుంచి ఒక కాలు గాలిలో వేలాడుతూ నిచ్చెన మెట్టు కోసం తడుముకుంటోంది.

"ఏం మాస్టారూ, అప్పుడే లేచారేం? ఇంకా కొవ్వూరైనా రాలేదు."

"రాజమండ్రిలో రైలు ఎంతసేపు ఆగుతుందోయ్?"

"రెండు మూడు నిమిషాలు."

"అందుకే ఇప్పట్నుంచే దిగుతున్నాను" అన్నారు మాస్టారు, వెనక్కి తిరుగుతూ.