చెరువుగట్టు మీద ఫోన్‌కి ఛార్జింగూ, డేటా రెండూ

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువు షెడ్డులో పాత ఆండ్రాయిడ్ ఫోన్‌ని ఆర్డుయినోకి (సెన్సర్లు తగిలించి ప్రోగ్రాం రాసుకునే చిన్న బోర్డు) కలిపితే, ఏరేటర్లు ఆగినా డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) పడిపోయినా ఎస్సెమ్మెస్ తెప్పించుకోవచ్చు. చిక్కల్లా ఫోన్‌కి ఒకటే పోర్టు ఉండడం. అందులో ఓటీజీ కేబుల్ (ఫోన్‌కి వేరే పరికరాలు తగిలించే కేబుల్) పెడితే ఫోనే ఆర్డుయినోకి 5 వోల్టులు ఇస్తూ కూర్చుంటుంది, తను ఛార్జ్ కాదు. తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. చెరువులో డీవో బాగా పడిపోయేదీ ఆ వేళకే.

బజారులో దొరికే వై కేబుల్ (బయటి కరెంటు కోసం ఇంకో కొస ఉండే ఓటీజీ కేబుల్) కొనకండి. దాంతో ఆర్డుయినోకి కరెంటు అందుతుంది గానీ చాలా ఫోన్లు ఛార్జ్ కావు. మైక్రో యూఎస్‌బీలో నాలుగోది ఐడీ పిన్ను. అది నేరుగా గ్రౌండుకి తగిలితే కరెంటు తనే ఇవ్వాలని ఫోన్ అనుకుంటుంది. 124 కిలో ఓముల రెసిస్టర్ మీదుగా తగిలితే డేటా నడుపుతూనే ఛార్జ్ తీసుకోవాలని యూఎస్‌బీ నియమం. 100, 24 కిలో ఓముల రెసిస్టర్లు వరసగా కలిపితే సరిపోతుంది. ఆ నియమం పాటించే ఫోన్లే తక్కువ. టైప్-సీలో ఆ పిన్నే లేదు, పీడీ (పవర్ డెలివరీ) ఛార్జింగ్ ఉన్న యూఎస్‌బీ హబ్ కావాలి. దుకాణంలోనే మీ ఫోన్‌కి తగిలించి చూడండి: ఛార్జింగ్ గుర్తు పడుతుండగానే హబ్‌కి పెట్టిన మౌస్ కూడా కదలాలి.

గట్టు మీదికైతే నా ఓటు బ్లూటూత్‌కే. పోర్టుని ఛార్జింగ్‌కి వదిలేసి, ఆర్డుయినోకి హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్ పెట్టండి. ఆర్డుయినో టీఎక్స్ (డేటా పంపే పిన్ను) నుంచి 5 వోల్టులు వస్తాయి, మాడ్యూల్ ఆర్‌ఎక్స్‌కి (డేటా అందుకునే పిన్ను) 3.3 మించకూడదు. మధ్యలో 1 కిలో ఓము రెసిస్టర్, ఆర్‌ఎక్స్ దగ్గర్నుంచి గ్రౌండుకి 2 కిలో ఓములు వేయండి. మాడ్యూల్‌ని ఆర్డుయినో 0, 1 పిన్నులకి కలిపితే ప్రోగ్రాం ఎక్కించేటప్పుడు అడ్డం పడుతుంది. 10, 11 వాడుకోండి.

ఇరవైనాలుగ్గంటలూ ఛార్జింగ్‌లోనే ఉంచితే బ్యాటరీ ఉబ్బుతుంది, రేకుల షెడ్డు వేడికి ఇంకా తొందరగా. అందుకని ఫోన్‌లో యాప్ బ్యాటరీ శాతాన్ని ఆర్డుయినోకి పంపుతుండాలి. 80 దాటితే రిలే (ఆర్డుయినో నడిపే స్విచ్చి) ఛార్జింగ్ ఆపాలి, 40కి దిగితే మళ్ళీ ఇవ్వాలి. రిలేని 230 వోల్టుల వైపు పెట్టొద్దు, తడి షెడ్డులో ప్రాణం మీదికొస్తుంది. ఛార్జింగ్ కేబుల్‌లో ఎర్ర తీగ ఒక్కటే కోసి, రెండు కొసలనీ రిలే కామన్‌కి, ఎన్‌సీకి (రిలేకి కరెంటు లేనప్పుడు కామన్‌తో కలిసి ఉండే కొస) బిగించండి. ఎన్‌సీ అయితే ఆర్డుయినో కరెంటు పోయినా ఛార్జింగ్ ఆగదు. పది నిమిషాలు ఫోన్ నుంచి కబురు రాకపోతే రిలేని వదిలేసేలా, అంటే ఛార్జింగ్ మళ్ళీ నడిచేలా, ప్రోగ్రాంలో రాయడం తప్పనిసరి. లేకపోతే బ్లూటూత్ తెగిన రోజున ఫోన్ చచ్చిపోతుంది. యాప్‌కి ఆండ్రాయిడ్ బ్యాటరీ పొదుపు కూడా తీసేయండి.

ఆర్డుయినోకి పవర్ బ్యాంక్ పనికిరాదు. ఇంత తక్కువ కరెంటు లాగితే చాలా పవర్ బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి. 12 వోల్టుల బ్యాటరీకి బక్ కన్వర్టర్ (వోల్టులు తగ్గించే చిన్న బోర్డు) తగిలించి, ముందు మల్టీమీటర్‌తో 5 వోల్టులకి తిప్పుకుని, ఆ తర్వాతే బోర్డుకి ఇవ్వండి.

ఉప్పుగాలికి పోర్టులో ముందు చిలుము పట్టేది 5 వోల్టుల పిన్నులకే. పచ్చగా కనిపిస్తే ఫోన్ ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి బ్రష్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే ప్లగ్ పెట్టండి.