కోల్కా లోయ, కబనకొండే పండగ, మా పిల్లలు

పెరూ దక్షిణాన ఉన్న కోల్కా లోయకు పిల్లలతో వెళ్లాలనుకునేవాళ్లకు ముందుగా ఒక మాట: రెండు రోజుల ట్రెక్ వద్దు, మూడు రోజులది తీసుకోండి. దిగేది అదే లోయ, ఎక్కేది అదే కొండ. కానీ రెండు రోజుల వాళ్లు హడావిడిగా అడుగుకు దిగి, ఒక రాత్రి పడుకుని, తెల్లారకముందే పైకెక్కేస్తారు. మూడు రోజులైతే లోయ లోపలి ఊళ్లలో ఆగి చూసే తీరిక ఉంటుంది. శాన్ హువాన్ దె చుచ్చో, కొస్నిర్వా, మలాతా. పిల్లలు చూడాల్సింది ఆ ఊళ్లలోనే ఉంది.

మాది కదిరి దగ్గర పల్లె. ఇప్పుడు ఉండేది అమెరికాలో, మేరీల్యాండ్‌లో. అమ్మాయికి 14 ఏళ్లు, పిల్లవాడికి 10. సెలవులొస్తే ఇక్కడికి రావాలి గానీ పెరూ ఎందుకే అని మా అమ్మ ఫోన్లో అడిగింది. అడగాల్సిన మాటే. నేను కోల్కా అనుకున్నది దాని లోతు చూసి కాదు. లోతు మాటకొస్తే కొన్ని చోట్ల 3,000 మీటర్లు దాటుతుంది, మన గండికోట దాని పక్కన చిన్న కాలువంత. నన్ను లాగింది కబనకొండే అనే ఊరు. ట్రెక్ మొదలయ్యేదీ ముగిసేదీ ఆ ఊరి దగ్గరే. అక్కణ్ణుంచి బతుకుదెరువుకు వెళ్లినవాళ్లు పెరూ నగరాలైన అరెకీపాలో, లీమాలో ఉన్నట్టే వాషింగ్టన్ చుట్టుపక్కల కూడా దశాబ్దాలుగా ఉన్నారు. అంటే మా చుట్టుపక్కలే. జూలైలో కర్మెల్ మాత (మేరీ మాత) పండగకు వాళ్లలో చాలామంది ఊరికి తిరిగొస్తారు. వచ్చి చూసిపోవడం కాదు. ఒక్కో ఏడు ఒక్కో కుటుంబం పండగ ఖర్చునూ పనినీ నెత్తికెత్తుకుంటుంది. ఇది చదివిన రోజే పిల్లల్ని జూలైలో అక్కడికి తీసుకెళ్లాలని గట్టిగా అనుకున్నాను.

అరెకీపా ఎత్తు 2,335 మీటర్లు. పిల్లలతో వెళ్తే అక్కడ కనీసం రెండు రాత్రులైనా ఆగాలి, ఎందుకంటే లోయకు పోయే దారి 4,910 మీటర్ల ఎత్తున్న పతపంప కనుమ మీదుగా పోతుంది. ఆ ఎత్తుకు తల తిరగకుండా హోటళ్లలో కోకా ఆకు టీ ఇస్తారు. పెద్దవాళ్లం తాగాం, పిల్లలకు మున్యా అనే కొండ పుదీనా కషాయం ఇచ్చాను. కోకా టీ ప్యాకెట్లు మాత్రం సామాన్లో వేసుకుని రాకండి, కొకైన్ తీసేది ఆ ఆకు నుంచే కాబట్టి అమెరికాలో అది నేరం.

అరెకీపాలో ఒక మ్యూజియంలో హువానితా అనే అమ్మాయి ఉంది. 1995లో అంపాతో శిఖరం మీద దొరికిన ఇంకాల కాలపు దేహం. పక్కనే ఉన్న సబంకాయ అగ్నిపర్వతం చిమ్మిన బూడిద పడి మంచు కరగడంతో బయటపడింది. 12 నుంచి 15 ఏళ్ల మధ్య వయసులో, ఐదు వందల ఏళ్లకు పైగా కిందట, కొండ దేవతలకు బలి ఇచ్చారు. మా అమ్మాయి అద్దం ముందు చాలాసేపు నిలబడింది. బయటికొచ్చాక, "అమ్మా, ఇది కూడా వాళ్ల కల్చరే కదా? రెస్పెక్ట్ చేయాలా?" అని అడిగింది. అక్కర్లేదని చెప్పాను. ఆ పిల్లను గౌరవించాలి, ఆ పనిని గౌరవించనక్కర్లేదు. మన దగ్గరా వదిలేసినవి ఉన్నాయి, ఇంకా వదలాల్సినవీ ఉన్నాయి. ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి అని అడిగే హక్కు ఇంట్లో మనిషికి ఉంటుంది, చూడ్డానికి వచ్చినవాళ్లకు ఉండదు. మా అమ్మాయి ఆ ప్రశ్న మన గురించి కూడా అడగాలని నా కోరిక.

తెల్లవారుజాము మూడింటికి బండి ఎక్కించుకుంటారు. కండోర్‌లు అనే పెద్ద రాబందులు ఎగిరే చోట ఆగేసరికి ఎండ పొడుస్తుంది. కింద నది ఒక దారంలా ఉంది, వేడెక్కిన గాలి పైకి లేచేకొద్దీ ఆ పక్షులు రెక్క ఆడించకుండా పైకి తేలుతూ వచ్చాయి. విప్పితే మూడు మీటర్ల రెక్కలు. కండోర్ రెండేళ్లకు ఒక్క గుడ్డే పెడుతుందని, తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ ఒక్క పిల్లనే పెంచుతారని గైడ్ చెప్పాడు. మావాడు అక్కవైపు చూసి, "లక్కీ బర్డ్" అన్నాడు.

దిగుడు మోకాళ్లకు కష్టం. గులకరాళ్ల మీద కాలు జారుతూ ఉంటుంది, నీడ ఉండదు. చేతికర్రలు అద్దెకు దొరుకుతాయి, తప్పకుండా తీసుకోండి. నది దాటే వంతెన దగ్గరికి చేరేసరికి మావాడు కూర్చుండిపోయాడు. గైడ్ వాడి పక్కన కూర్చుని బ్యాగులోంచి వేయించిన వేరుశనక్కాయలు తీసి పెట్టాడు. అక్కడ నాకు మాట దొరికింది. ఈ గింజ పుట్టిందే ఈ ఖండంలో నాన్నా, తాత చేలో వేసేది ఇదే, కదిరిలో దీని మీద పరిశోధన చేసే కేంద్రం కూడా ఉంది, కదిరి-6 అని ఒక రకానికి మన ఊరి పేరే పెట్టారు అని చెప్పాను. వాడు నమ్మలేదు. గైడ్ కూడా నమ్మలేదు. ఫోన్లో ఉన్న మా చేను ఫొటోలు చూపించాక గైడే ఎక్కువ ప్రశ్నలడిగాడు: వానల మీదేనా, నీళ్లు కడతారా, కూలికి ఎవరొస్తారు అని. దారి పొడవునా కనిపించిన నాగజెముడు కూడా అమెరికా ఖండాల నుంచి మన దగ్గరికి వచ్చిందే. ఇక్కడ దాని మీద పెరిగే పురుగు నుంచి ఎర్ర రంగు తీస్తారు. గైడ్ ఒకదాన్ని గోటితో నలిపితే వేలు కుంకుమలా అయింది. పిల్లలిద్దరూ ఆ రోజంతా చెంపలకు పూసుకునే తిరిగారు.

గైడ్ కబనకొండే మనిషి. మాతో ఇంగ్లీషులో, బస దగ్గర స్పానిష్‌లో, దారిలో ఎదురైన ముసలామెతో అక్కడి కొండల పాత భాష కెచువాలో మాట్లాడాడు. పెరూ 1975లోనే కెచువాను అధికార భాష చేసింది, అయినా పట్నం పోయిన పిల్లల నోట అది నిలబడడం లేదు. అతని పిల్లలూ అరెకీపాలో చదువుతున్నారు. అవ్వ కెచువాలో అడిగితే స్పానిష్‌లో జవాబిస్తారట. మా ఇంట్లో ఫోన్ మాటలు అచ్చం ఇలాగే సాగుతాయి. మా అమ్మాయి సిగ్గుపడకుండా అడిగింది, "మీకు బాధగా ఉండదా?" అని. ఉంటుందన్నాడు. కానీ కాలువల్లో పూడిక తీసే రోజులకు పిల్లల్ని తప్పకుండా ఊరికి పంపిస్తానని, అక్కడ వాళ్ల చేతికి పార ఇస్తారని, పార పట్టినప్పుడు అవసరమైన మాటలు వాళ్లంతట వాళ్లే నేర్చుకున్నారని చెప్పాడు.

కాలువ అంటే అక్కడ ప్రాణం. ఆ ఊళ్లు రాయలసీమకంటే ఎండినవి. లోయ గోడల మీద ఇంకాలకంటే ముందటి మెట్ల చేలున్నాయి, వాటికి మంచు కరిగిన నీళ్లు వంతుల వారీగా వస్తాయి. కోల్కా నది నీటిని తీరాన ఉన్న మాహెస్ ఎడారికి మళ్లించే పెద్ద కాలువ కబనకొండే పొలాల పైనుంచే పోయింది, ఊరికి మాత్రం చుక్క ఇవ్వలేదు. 1983లో, కరువు మధ్యలో, ఊరివాళ్లు పదకొండు మంది ఆ కాలువకు గండి కొట్టి నీళ్లు చేలకు మళ్లించారు. తర్వాత ప్రభుత్వమే ఊరికి వాటా ఇవ్వాల్సి వచ్చింది. మలాతా దగ్గర ఒక మెట్టు గోడ మీద కూర్చుని గైడ్ ఇది చెప్తుంటే, హంద్రీ-నీవా నీళ్ల కోసం మా నాయన ఎన్నేళ్లు మాట్లాడాడో గుర్తొచ్చింది. పిల్లలకు తాత గురించి ఈ సంగతి అప్పటిదాకా తెలియదు. ఆ సాయంత్రం లోయ అడుగున ఉన్న సంగాయేలో, ఖర్జూరం లాంటి చెట్ల మధ్య కొలనులో ఈదాక, ఇద్దరూ తాతకు ఏమేం అడగాలో రాసుకున్నారు.

చివరి రోజు ఎక్కుడు దాదాపు 1,100 మీటర్లు. చీకట్లో టార్చి లైట్లతో మొదలుపెట్టాలి. కంచరగాడిదలు దొరుకుతాయి, పిల్లవాణ్ణి సగం దారి నుంచి ఎక్కించాను. అమ్మాయి నడిచే ఎక్కింది. పైకి వచ్చేసరికి ఊళ్లో బ్యాండు మేళం మొదలైంది.

పండగ గురించి ఎంత చెప్పినా తక్కువే. కుట్టుమిషన్ మీద పూలూ చేపలూ పిట్టలూ కుట్టిన లంగాలు, టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లు వీధి నిండా. ఆ ఏడు పండగ మోసేవాళ్ల ఇంట్లో వందల మందికి వంట. బంధువులు ఒకరు బీరు కేసులు, ఒకరు మేళం ఖర్చు, ఒకరు రెండు రోజుల చాకిరీ తెచ్చారు. ఆ బంధువుల వంతు వచ్చినప్పుడు ఈ ఇంటివాళ్లూ అంతే తిరిగిస్తారు, మా వైపు ముయ్యికి పోయినట్టే. ఆ ఇంట్లో అమెరికా నుంచి వచ్చిన కుర్రాడొకడు కనిపించాడు, మా అమ్మాయి ఈడువాడు. వచ్చినవాళ్లకు చిచా అనే మొక్కజొన్న కల్లు గ్లాసులు అందించడం వాడి పని. పెద్దవాళ్లకు ముందు, వంగి, రెండు చేతులతో. స్పానిష్ అంతంత మాత్రమే, కెచువా రాదు. అయినా ఎవరికి ముందు ఇవ్వాలో, ఎవరు అమ్మమ్మ తరపో, ఎవరితో మాటల్లేవో వాడికి తెలుసు. తెలియకపోతే గ్లాసు తప్పు చేతికి పోతుంది, అందరూ చూస్తారు. మా అమ్మాయి వాణ్ణి ఇంగ్లీషులో పలకరించి చాలాసేపు మాట్లాడింది. తిరుగు ప్రయాణంలో నాతో, "వాడికి ఒక జాబ్ ఉందమ్మా. మనం ఊరికెళ్తే నాకు ఏ జాబూ ఉండదు. అందరూ కూర్చో కూర్చో అంటారు" అంది.

నేను కొన్నేళ్లుగా నమ్ముతున్నది ఆమె నోటితో విన్నాను. ప్రవాస పిల్లల గురించి మనం భాష, భోజనం, శ్లోకాలు, డాన్సు క్లాసుల లెక్కలు వేస్తాం. ఆదివారం తెలుగు బడికి నేనూ పంపిస్తాను, ఇకముందూ పంపిస్తాను. కానీ ఊరెళ్లినప్పుడు పిల్లలు చుట్టాలుగా ఉండిపోతే ఆ నేర్చినదానికి వాడుక ఉండదు. చుట్టాలకు మంచం వేస్తారు, బాటిల్ నీళ్లిస్తారు, పెద్దవాళ్ల ఎదుట నిలబెట్టి పద్యం చెప్పిస్తారు. వాళ్లు లేకపోతే ఆగిపోయే పని ఒక్కటీ ఉండదు. వాళ్లు లేకపోతే ఆగిపోయే పని ఒకటి ఊళ్లో ఉండాలి. అది చిన్నదైనా పర్వాలేదు. తప్పు చేస్తే ఎవరో ఒకరు కేకలేయాలి. అవ్వా తాతలు ప్రేమ కొద్దీ కూర్చోబెడతారు, వాళ్లను ఒప్పించాల్సింది మనమే.

అందుకని ఇంటికి రాగానే మా నాయనకు ఫోన్ చేశాను. ఏరువాకకు వస్తాం, పిల్లలకు పని చెప్పు నాయనా, సరదాకి కాదు, నిజంగా, అన్నాను. ఎండలో ఎందుకు లేమ్మా అన్నాడు మొదట. అమ్మాయి ఫోన్ లాక్కుని, వచ్చిన తెలుగులోనే, మాహెస్ కాలువ కథ మొత్తం చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగి నన్ను మాటలడిగింది. మా నాయన మధ్యలో ఒక్క మాట మాట్లాడకుండా విని, ఆ పదకొండు మందిని జైల్లో పెట్టారా అని అడిగాడు. తర్వాత పనులు చెప్పాడు. ఎద్దుల కొమ్ములకు రంగు వేసేది పిల్లవాడు. విత్తనం వలిచే ఆడవాళ్ల లెక్క, కూలి డబ్బుల లెక్క అమ్మాయిది, రోజూ సాయంత్రం పుస్తకంలో తెలుగులో రాయాలి. మేరీల్యాండ్‌లో స్కూలు మూసేది జూన్ మధ్యలో. ఏరువాక పున్నమి అంతకుముందే వస్తే ఎట్లా అని అడిగితే, ఎద్దుల పని తప్పుతుందేమో గానీ వాన పడేదాకా విత్తనం పడదు, ఆ పని ఉంచుతాలే అన్నాడు.