అమ్మ డిబ్బీ

ఫోన్‌పే వచ్చాక ఇంట్లో చిల్లర చేరడం తగ్గింది గానీ, అమ్మ డిబ్బీ మాత్రం ఆగలేదు. కాళేశ్వరరావు మార్కెట్ నుంచి రాగానే కొంగు ముడి విప్పి మిగిలిన బిళ్లలు అందులో వేస్తుంది. నిన్న చాప మీద పోసి లెక్కపెట్టాం. అడుగున నల్లబడిన పావలాలు. అవి 2011 జూన్ 30 నుంచే చెల్లవు, అర్ధరూపాయి మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ ఉన్నవి పది రూపాయల బిళ్లలే. బజార్లో ఇస్తే "ఇవి నడవవమ్మా" అంటారట. నాకు బాధేసేది ఇక్కడే. 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంక్ 2018లోనే చెప్పింది. రూపాయి గుర్తు ఉన్నా, లేకపోయినా ఒకటే. రోడ్డు పక్కన ఆకుకూరలమ్మే మామ్మ దగ్గర అవే ఉండిపోతే ఆ పూట కష్టమంతా ఏమైపోవాలి? బెజవాడ షాపులవాళ్లూ, ఎవరైనా ఇస్తే దయచేసి తీసుకోండి.

అమ్మ ఈ డబ్బుతో కార్తీకానికి ఇత్తడి కుందులు కొంటానంటోంది.