మా ఆసుపత్రి గవర్నర్ల మండలి ఎన్నికలు

ఇంగ్లండులో స్థిరపడిన తెలుగువారిలో ఎన్‌హెచ్‌ఎస్ (బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఆసుపత్రి మెట్లెక్కనివారు గానీ, అక్కడ డాక్టరుగానో నర్సుగానో పనిచేసే బంధువు లేనివారు గానీ అరుదు. అయినా ఆ ఆసుపత్రిని నడిపే ట్రస్టులో తమకు ఓటు ఉండవచ్చునని, కావాలంటే తామే పోటీ చేయవచ్చునని తెలిసినవారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. మా ఊరి ఆసుపత్రి ట్రస్టుకు గవర్నరుగా, అంటే దాని బోర్డును నిలదీసే మండలిలో ఒకరిగా, ఎన్నికై, ప్రస్తుతం రెండవ పదవీకాలం చివరికి వచ్చిన నేను, ఈ ఎన్నిక ఎలా జరుగుతుందో, గెలిచినవారి చేతికి నిజంగా ఏ అధికారం వస్తుందో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. గవర్నర్లు ఉండితీరాలన్న నిబంధనను తొలగిస్తామని ప్రభుత్వమే చెప్పిన తరువాత ఇక వాయిదా వేయదలచుకోలేదు.

ఎన్‌హెచ్‌ఎస్ 1948 జులై 5న మొదలైంది. ఆనాటి నుంచి కొన్ని దశాబ్దాలపాటు ఆసుపత్రులపై పెత్తనం చేసేవారిని పైనుంచే నియమించారు తప్ప, ఆ ఊరివారిని అడిగే ఏర్పాటు లేదు. టోనీ బ్లెయిర్ ప్రభుత్వంలో ఆరోగ్యమంత్రిగా ఉన్న అలన్ మిల్‌బర్న్ ఫౌండేషన్ ట్రస్టుల ఆలోచనను ముందుకు తెచ్చారు. బాగా నడుస్తున్న ఆసుపత్రులకు మంత్రిత్వశాఖ అజమాయిషీ నుంచి కొంత స్వేచ్ఛ ఇవ్వాలి, దానికి ప్రతిగా అవి స్థానిక సభ్యులకు జవాబు చెప్పుకోవాలి అన్నది అందులోని ఒప్పందం. సహకార సంఘాల పోలిక ఇందులో స్పష్టంగానే కనబడుతుంది. సొంత పార్టీ సభ్యులే పెద్దసంఖ్యలో ఎదురుతిరగడంతో 2003 నవంబరులో ఆ బిల్లు కామన్స్ సభలో 17 ఓట్ల ఆధిక్యంతో గట్టెక్కింది. ఈ ట్రస్టులు ఇంగ్లండుకు మాత్రమే పరిమితమైనా, బిల్లును ఒడ్డున పడేసిన ఓట్లలో స్కాట్లాండు సభ్యుల ఓట్లు ఉండటం అప్పట్లో పెద్ద వివాదమైంది. 2004 ఏప్రిల్‌లో మొదటి ఫౌండేషన్ ట్రస్టులు పని ప్రారంభించాయి.

ఓటు హక్కుకు మూలం సభ్యత్వం. ట్రస్టు తన నిబంధనావళిలో పేర్కొన్న ప్రాంతంలో నివసించేవారు ఎవరైనా, కనీస వయసు నిండి ఉంటే, రుసుమేమీ లేకుండా ప్రజా విభాగంలో సభ్యులు కావచ్చు. అడిగేది నివాసమే గనుక పౌరసత్వం ప్రసక్తి రాదు. అంటే వర్క్ వీసా మీద వచ్చి, ఇంకా సూట్‌కేసులు పూర్తిగా విప్పని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కూడా అర్హుడే. ఆసుపత్రి సిబ్బందికి వేరే విభాగం ఉంటుంది. శాశ్వత ఉద్యోగులు, పన్నెండు నెలలకు తక్కువ కాని ఒప్పందం ఉన్నవారు అందులోకి వస్తారు. చాలా ట్రస్టులు, వద్దని చెప్పకపోతే, వారిని తామే చేర్చుకుంటాయి. కొన్నిచోట్ల రోగులకూ వారిని చూసుకునేవారికీ మరో విభాగం కూడా ఉంటుంది. స్థానిక పురపాలక సంస్థ వంటివి పంపే నియమిత గవర్నర్లు కొందరు కూర్చుంటారు. అయితే మండలిలో సగానికి మించి ప్రజా, రోగుల విభాగాల నుంచి ఎన్నికైనవారే ఉండాలని చట్టం చెబుతోంది. మన దగ్గర ప్రభుత్వాసుపత్రులకు ఉండే ఆసుపత్రి అభివృద్ధి సంఘాలతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. వాటిలో సభ్యులను నియమిస్తారు, ఎన్నుకోరు. ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడ్డవారికి ఆ సంఘంలో ఎవరున్నారో తెలిసే అవకాశమే తక్కువ.

పోటీ చేయడం చాలా తేలిక. పోలింగు ముగిసే రోజుకు కనీసం 40 రోజుల ముందు ఎన్నికల ప్రకటన వెలువడుతుంది, 28 రోజుల ముందు నామినేషన్ల గడువు ముగుస్తుంది. ధరావతు లేదు, ప్రతిపాదించేవారి సంతకాల కోసం ఇల్లిల్లూ తిరగనక్కరలేదు. తాను సభ్యుడినేనని, అనర్హత ఏదీ లేదని ప్రకటించాలి. ట్రస్టుతో తనకు ఆర్థిక ప్రయోజనమేదైనా ఉంటే చెప్పాలి, ఏదైనా రాజకీయ పార్టీలో సభ్యుడైతే అదీ చెప్పాలి. ఎన్నికల అధికారిగా ట్రస్టు ఉద్యోగులు కాక, ఇలాంటి ఎన్నికలు నిర్వహించే బయటి సంస్థవారు ఉండటం వాడుక. ఇక మిగిలేది అభ్యర్థి ప్రకటన. పెద్ద పుట కూడా నిండని నాలుగు పేరాలు, పక్కన ఒక ఫోటో. గోడమీద పోస్టరు, మైకు, ఊరేగింపు ఏదీ లేని ఈ ఎన్నికలో ప్రచారమంతా ఆ నాలుగు పేరాలే.

ఆ ప్రకటనల పుస్తకాన్ని శ్రద్ధగా చదవడం నాకు అలవాటు. పదవీ విరమణ చేసిన నర్సు ఒకరు, తాను పనిచేసిన వార్డుల పేర్లు చెప్పి, రాత్రి షిఫ్టుల్లో సిబ్బంది కొరత గురించి ఏ ప్రశ్న అడగదలచుకున్నారో రాశారు. మరొకరు పార్కింగు రుసుము తగ్గిస్తానని హామీ ఇచ్చారు. పార్కింగు రుసుము తగ్గించే అధికారం గవర్నరుకు లేదు, వార్డులో పడకలు పెంచే అధికారమూ లేదు. ఇంకొకరు తాను పొందిన బిరుదులన్నీ వరుసగా పేర్చి, ఆసుపత్రి మాటే మరిచిపోయారు. నేనైతే, ఈ పదవిలో ఏం చేయవచ్చో తెలిసి రాసినవారికి ముందు అంకె వేస్తాను. ఓటర్లందరూ అలా చూస్తారని చెప్పలేను, పార్కింగు హామీకీ ఓట్లు బాగానే పడతాయి.

మొదటిసారి నేను ఓటు పడకుండానే గవర్నరునయ్యాను. ఖాళీలెన్నో అభ్యర్థులూ అంతమందే కావడంతో పోలింగు జరగలేదు. మన ఊళ్ళలో పంచాయతీ ఏకగ్రీవమైతే ప్రభుత్వం నగదు ప్రోత్సాహకం ప్రకటిస్తుంది, ఊరు ఒక్కమాట మీద ఉన్నదని పెద్దలు మెచ్చుకుంటారు. ఇక్కడి ఏకగ్రీవాలకు ఐకమత్యం కారణం కాదు, ఎవరికీ పట్టకపోవడమే కారణం. ఎవరూ ఎన్నుకోని వ్యక్తి ఎవరి తరఫున మాట్లాడుతున్నట్టు అన్న ప్రశ్న ఆ మూడేళ్ళూ నన్ను వెంటాడింది. ఈ మండళ్ళను విమర్శించేవారు ముందుగా ఎత్తిచూపేది కూడా దాన్నే. పోటీ లేని స్థానాలు, పోటీ ఉన్నచోట తక్కువ పోలింగు, సభ్యుల జాబితాలో ఎప్పుడో చేరి మరిచిపోయిన పేర్లు. ఈ విమర్శలో అబద్ధమేమీ లేదు.

రెండవసారి పోటీ జరిగింది. ఓట్లను ఏ పద్ధతిలో లెక్కించాలన్నది ట్రస్టు నిబంధనావళిని బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల ఎక్కువ ఓట్లు వచ్చినవారు గెలిచే మామూలు పద్ధతి, కొన్నిచోట్ల ప్రాధాన్య ఓట్ల పద్ధతి. మాది రెండవది. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలు చూసినవారికి ఇది కొత్త కాదు. పేర్ల ఎదురుగా 1, 2, 3 అని అంకెలు వేయాలి, మొదటి ప్రాధాన్య ఓట్లతో కోటా అందనప్పుడు ఎలిమినేషన్ మొదలవుతుంది. తేడా ఏమిటంటే అక్కడ స్థానం ఒకటే, ఇక్కడ ఒకేసారి రెండు మూడు స్థానాలు భర్తీ కావచ్చు, అందువల్ల కోటా చిన్నదవుతుంది. చెల్లిన ఓట్లను స్థానాల సంఖ్యకు ఒకటి కలిపి భాగించి, వచ్చినదానికి ఒకటి చేర్చాలి. 400 ఓట్లు చెల్లి, మూడు స్థానాలుంటే కోటా 101 అన్నమాట. కోటా దాటినవారి మిగులు తగ్గించిన విలువతో తరువాతి ప్రాధాన్యతలకు బదిలీ అవుతుంది. ఆ నర్సు తొలి లెక్కింపులోనే కోటా దాటారు. ఆమె మిగులు నుంచి కొంత, చివరన ఉండి తప్పుకున్న అభ్యర్థి ఓట్లలో రెండవ అంకెగా నాకు వచ్చినవి కొంత కలిస్తే నేను గట్టెక్కాను. ఇంత చిన్న ఎన్నికలో ఒక వీధివారు ఓటేయడం, వేయకపోవడం ఫలితాన్ని మార్చగలదు. ఓటు కాగితం తపాలాలోనో ఈమెయిల్‌లోనో వస్తుంది, చివరిరోజు సాయంత్రం 5 గంటలతో గడువు ముగుస్తుంది. మా తెలుగు సంఘం వాట్సాప్ గుంపులో ఉగాది భోజనాల కూపన్ల గురించి ఒక్క పూటలో నూరు సందేశాలు వస్తాయి. ఈ గడువును గుర్తుచేస్తూ పెట్టిన సందేశం కింద రెండు బొటనవేళ్ళు కనబడ్డాయి.

ఇక అధికారాల సంగతి. ఆసుపత్రిని నడిపేది డైరెక్టర్ల బోర్డు. అందులో జీతం తీసుకుని రోజూ పని నడిపే ఎగ్జిక్యూటివ్‌లు ఒక వైపు, వారిని ప్రశ్నించవలసిన ఛైర్మన్, నాన్ ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్లు మరో వైపు ఉంటారు. ఆ ఛైర్మన్‌ను, నాన్ ఎగ్జిక్యూటివ్‌లను నియమించేదీ, తొలగించగలిగేదీ, వారి భత్యం నిర్ణయించేదీ గవర్నర్ల మండలే. తొలగించాలంటే మండలిలో నాలుగింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి. చీఫ్ ఎగ్జిక్యూటివ్ నియామకానికి మండలి ఆమోదం కావాలి, బయటి ఆడిటరును మండలే నియమిస్తుంది, మరో ట్రస్టుతో విలీనానికి మండలిలో సగానికి మించి అంగీకరించాలి. ఎన్‌హెచ్‌ఎస్‌కు బయట నుంచి వచ్చే ఆదాయం వాటాను ఒక ఏడాదిలో 5 శాతం గానీ అంతకు మించి గానీ పెంచదలచుకున్నా మండలి అనుమతి తీసుకోవాలి. బోర్డు పనితీరుకు నాన్ ఎగ్జిక్యూటివ్‌లను విడివిడిగానూ, కలివిడిగానూ జవాబుదారులను చేయడం గవర్నర్ల విధి అని 2012 నాటి ఆరోగ్య, సామాజిక సంరక్షణ చట్టం స్పష్టంగా రాసింది. గవర్నరుకు జీతం లేదు, దారి ఖర్చులు ఇస్తారు.

ఇది ఆచరణలో ఎలా ఉంటుందో ఒక సమావేశం గురించి చెబితే అర్థమవుతుంది. ఇంగ్లీషు రాని రోగులకు ఇంటర్‌ప్రెటర్‌ను ఏర్పాటు చేయాలని, ఇంటివాళ్ళ చేత తర్జుమా చేయించకూడదని మా ట్రస్టు విధానంలో ఉంది. మా వీధిలో ఉండే ఒక పెద్దావిడ మాత్రం గుండె క్లినిక్కుకు ప్రతిసారీ బడి మాన్పించిన మనుమణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళేది. గవర్నరు విడి ఫిర్యాదులను పట్టించుకోకూడదు, వాటికి ఆసుపత్రిలో వేరే విభాగం ఉంది. అందువల్ల ఆవిడ పేరెత్తకుండా, నాణ్యతా సంఘానికి అధ్యక్షత వహించే నాన్ ఎగ్జిక్యూటివ్‌ను నేను అడిగాను: “ఈ విధానం అమలవుతున్నదని మీరు దేన్ని చూసి నమ్ముతున్నారండీ?” ఇంటర్‌ప్రెటర్ బుకింగుల సంఖ్య ఏటేటా పెరుగుతున్నదని ఆయన చెప్పారు. “బుక్ చేసినవి సరే, చేయవలసి ఉండీ చేయనివి ఎన్ని?” అని మళ్ళీ అడిగాను. ఆ లెక్క ఆయన దగ్గర లేదు, అంతకుముందు ఎవరూ అడిగినట్టూ లేదు. తరువాతి సమావేశానికి భాషావసరం నమోదైన అపాయింట్‌మెంట్లనూ, బుకింగులనూ పక్కపక్కన పెట్టిన పట్టిక వచ్చింది. రెండింటి మధ్య అంతరం కొట్టవచ్చినట్టు కనిపించింది. అప్పటి నుంచి ఆ పట్టిక సంఘం ముందుకు క్రమంగా వస్తోంది. ఆ నాన్ ఎగ్జిక్యూటివ్ మంచివారే, ఎవరు అడిగినా మర్యాదగానే జవాబిచ్చేవారు. కానీ తన పదవీకాలం పొడిగింపుపై ఓటేసే మండలి అడిగినప్పుడు, ఆ జవాబు పట్టికగా మారి తిరిగివస్తుంది.

ఏర్పాటులో లోపాలూ ఉన్నాయి. బోర్డు ఛైర్మనే గవర్నర్ల మండలి సమావేశాలకూ అధ్యక్షత వహిస్తారు, అంటే మనం నిలదీయవలసిన మనిషే ఎవరు ఎంతసేపు మాట్లాడాలో నిర్ణయిస్తారు. వందల పుటల నివేదికలు సమావేశానికి కొద్దిరోజుల ముందు చేతికి వస్తాయి. మిడ్ స్టాఫర్డ్‌షైర్ ట్రస్టుకు 2008 ఫిబ్రవరిలో ఫౌండేషన్ హోదా వచ్చింది. ఆ ట్రస్టు నడిపిన స్టాఫర్డ్ ఆసుపత్రిలో రోగుల పట్ల జరిగిన ఘోరమైన నిర్లక్ష్యం మీద తనిఖీ సంస్థ నివేదిక 2009 మార్చిలో వెలువడింది. ఆ మధ్యకాలంలో అక్కడా గవర్నర్లున్నారు. రాబర్ట్ ఫ్రాన్సిస్ బహిరంగ విచారణ జరిపి 2013 ఫిబ్రవరిలో ఇచ్చిన 290 సిఫార్సుల్లో గవర్నర్ల పాత్రను బలపరచాలన్నవి కూడా ఉన్నాయి. ఎన్నిక ఉన్నంత మాత్రాన కాపలా ఉన్నట్టు కాదని స్టాఫర్డ్ చూపించింది. ఫ్రాన్సిస్ మాత్రం ఆ కాపలావాణ్ణి గట్టిపరచమన్నారు.

2025 జులైలో వెలువడిన పదేళ్ళ ఆరోగ్య ప్రణాళిక వేరే దారి పట్టింది. ఫౌండేషన్ ట్రస్టులకు గవర్నర్లు ఉండితీరాలన్న నిబంధన తీసేస్తామని, రోగుల, సిబ్బంది అభిప్రాయాలను తెలుసుకోవడానికి అంతకన్నా చురుకైన పద్ధతులకు దారి ఏర్పడుతుందని అందులో రాశారు. 2003లో సొంత సభ్యులతో పోరాడి ఈ చట్టం తెచ్చిన లేబర్ పార్టీయే ఇప్పుడు ఈ మాట అంటోంది. మిల్‌బర్న్ కూడా ఆరోగ్యశాఖ బోర్డులోకి తిరిగి వచ్చిన తరువాత వెలువడిన ప్రణాళిక ఇది. సర్వేలూ, రోగుల బృందాలూ పనికిరావని నేననను, మా పట్టిక కన్నా మంచి సమాచారం వాటి ద్వారా రావచ్చు. కానీ అభిప్రాయం చెప్పేవాడికి ఛైర్మన్‌ను తొలగించే ఓటు ఉండదు. ఎన్నికలు నీరసంగా జరుగుతున్నాయంటే సభ్యత్వాన్ని పెంచి, ఛైర్మన్ కుర్చీని వేరుచేసి చూడవలసింది. రద్దు అన్నిటికన్నా సులువైన మందు.

చట్టం మారేవరకు నోటీసులు వస్తూనే ఉంటాయి. మీ ఆసుపత్రి పేరు చివర ఫౌండేషన్ అన్న మాట ఉన్నదా లేదా ముందు చూసుకోండి. లండన్‌లోని బార్ట్స్ హెల్త్ వంటి కొన్ని పెద్ద ట్రస్టులు ఫౌండేషన్ ట్రస్టులు కావు, అక్కడ ఈ ఎన్నిక ఉండదు. మా ట్రస్టులో నేను ఖాళీ చేయబోయే స్థానానికీ, సిబ్బంది కింద ఉండే నర్సుల విభాగంలో ఒక స్థానానికీ త్వరలో ప్రకటన రానుంది. ఆ విభాగంలో కేరళ, ఫిలిప్పీన్స్ నర్సులతోపాటు మన గుంటూరు, వరంగల్ నుంచి వచ్చినవారూ ఉన్నారు, పోయినసారి మాత్రం వారిలో ఒక్కరూ నామినేషన్ వేయలేదు. ఈసారి ఒకరిద్దరు ఫారం ఎక్కడ దొరుకుతుందని నన్ను అడిగారు. ట్రస్టు వెబ్‌సైటులో సభ్యత్వ కార్యాలయం పుటలో దొరుకుతుంది, నింపడానికి అరగంట చాలు. ప్రకటనలోని నాలుగు పేరాలకు మాత్రం ఒక ఆదివారం పూర్తిగా కేటాయించమని చెప్పాను.